ఓడిపోయిన కేసుతో మొదలుపెడదాం: లారెన్స్ లెసిగ్ మీద ప్రసంగ పాఠం

(లా విద్యార్థుల కోసం ఇచ్చిన ఉపన్యాసం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇంటర్నెట్ చట్టాల మీద పనిచేసే లా ప్రొఫెసర్ జీవితం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. ఈ కోర్సు చదవండి, ఆ డిగ్రీ తెచ్చుకోండి అని చెప్పేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, మీకు మిగిలేదీ ఏమీ ఉండదు. అందుకని ఒకే ఒక్క మనిషిని తీసుకుంటాను. లారెన్స్ లెసిగ్. అమెరికాలో ఈ సబ్జెక్టుకి ఒక రూపం ఇచ్చిన కొద్దిమందిలో ఆయనొకరు. ఆయన గెలుపుల దగ్గర నుంచి కాదు, ఓడిపోయిన కేసు దగ్గర నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ రంగంలో పనిచేసే మనిషి ఎలా ఆలోచించాలో ఆ కేసులో బాగా కనిపిస్తుంది.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఎరిక్ ఎల్‌డ్రెడ్ అని ఒక రిటైరైన ప్రోగ్రామర్ ఉండేవారు. కాపీరైట్ గడువు తీరిన పాత పుస్తకాలను తన సొంత వెబ్‌సైట్లో పెట్టేవారు, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. రాబర్ట్ ఫ్రాస్ట్ కవితా సంపుటి ఒకటి 1923లో వచ్చింది. దాని గడువు 1998తో అయిపోవాలి, దాన్ని పెట్టాలని ఆయన చూస్తున్నారు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ కాపీరైట్ గడువును ఇంకో 20 ఏళ్లు పొడిగించింది. రచయిత చనిపోయాక 50 ఏళ్లు ఉండేది 70 అయింది, కంపెనీల పేరు మీద ఉన్నవాటికి, ఫ్రాస్ట్ సంపుటి లాంటి పాత పుస్తకాలకి 75 ఉండేది 95 అయింది. కొత్తగా రాయబోయే పుస్తకాలకే కాదండీ, అప్పటికే రాసేసినవాటికి కూడా. ఫ్రాస్ట్ 1963లోనే చనిపోయాడు. ఇప్పుడు ఇంకో 20 ఏళ్లు ఇస్తే ఆయన లేచొచ్చి ఇంకో కవిత రాస్తాడా?

ఈ ప్రశ్ననే లెసిగ్ కోర్టుకి తీసుకెళ్లారు, ఫీజు తీసుకోకుండా. అమెరికా రాజ్యాంగంలో కాపీరైట్ గురించి ఒక మాట స్పష్టంగా ఉంది, పరిమిత కాలానికి మాత్రమే ఇవ్వాలని. 1790లో మొదటి చట్టం చేసినప్పుడు ఆ కాలం 14 ఏళ్లు, కావాలంటే ఇంకో 14. తర్వాత పెరుగుతూ వచ్చింది. 1998 వరకు చూస్తే 40 ఏళ్లలోనే 11 సార్లు పొడిగించారని లెసిగ్ వాదన. గడువు దగ్గర పడ్డప్పుడల్లా పొడిగించుకుంటూ పోతే ఇక పరిమితి అనే మాటకి అర్థమేముంది? కింది కోర్టులో ఓడారు, అప్పీలు కోర్టులో ఓడారు, చివరికి 2002 అక్టోబరు 9న సుప్రీంకోర్టులో స్వయంగా నిలబడి వాదించారు. ఆయన పక్షాన అమికస్ బ్రీఫ్ మీద, అంటే కేసులో లేని బయటివాళ్లు కోర్టుకి ఇచ్చే అభిప్రాయ పత్రం మీద, 17 మంది ఆర్థికవేత్తలు సంతకం చేశారు. వాళ్లలో అయిదుగురు నోబెల్ గ్రహీతలు, మిల్టన్ ఫ్రీడ్‌మన్‌తో సహా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మీలో మూట్ కోర్టుల్లో, అంటే కాలేజీ నమూనా కోర్టుల్లో, వాదించేవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. వాదన మధ్యలో జస్టిస్ కెనడీ ఒక ప్రశ్న వేశారు. ఈ పొడిగింపుల వల్ల విజ్ఞానానికి, కళలకి నిజంగా ఆటంకం కలిగిందా, దానికి ఆధారం నాకు కనబడటం లేదే అని. లెసిగ్ ఏమన్నారు? మేం అలాంటి వాస్తవాల మీద ఆధారపడి వాదించడం లేదు, రాజ్యాంగంలో ఉన్న పరిమితి గురించే మా వాదన అన్నారు. తర్కంగా చూస్తే జవాబు తప్పేం కాదు. కానీ నష్టం ఏమిటో చూపించమని జడ్జిగారు తలుపు తీసి పెడితే ఆయన దాన్ని మూసేశారు. ఎన్ని వేల పుస్తకాలు, ఎన్ని పాత సినిమా రీళ్లు ఎవరికీ పనికిరాకుండా మూలన పడి పాడైపోతున్నాయో ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. కేసుకి ముందే కొందరు అనుభవజ్ఞులైన లాయర్లు ఆయనకి ఇదే సలహా ఇచ్చారు, జరుగుతున్న నష్టం జడ్జిల మనసుకి తాకేలా చెప్పమని. 2003 జనవరి 15న తీర్పొచ్చింది, 7–2తో ఓటమి. జస్టిస్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు. స్టీవెన్స్, బ్రేయర్ ఇద్దరే విభేదించారు. ఆ తర్వాత లెసిగ్ ఈ ఓటమి గురించి తనే విపులంగా రాశారు, ఆ జవాబు దగ్గరే తను పొరపాటు పడ్డానని. లాయర్లు గెలిచిన కేసుల గురించి రాయడం మామూలే. ఓడిన కేసుని ఇలా విప్పి చూపించినవాళ్లు తక్కువ. దొరికితే తప్పకుండా చదవండి.

సరే, ఈ మనిషి ఇక్కడిదాకా ఎలా వచ్చాడు?

1961లో పుట్టారు. పెన్సిల్వేనియాలో ఆర్థికశాస్త్రం, మేనేజ్‌మెంట్, కేంబ్రిడ్జ్‌లో తత్వశాస్త్రం, 1989లో యేల్ నుంచి లా డిగ్రీ. తర్వాత ఇద్దరు జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేశారు. అంటే కేసుల పరిశోధనలో, తీర్పుల డ్రాఫ్టింగ్‌లో జడ్జికి సాయం చేసే పని. మొదట అప్పీలు కోర్టులో రిచర్డ్ పోస్నర్ దగ్గర, తర్వాత సుప్రీంకోర్టులో స్కాలియా దగ్గర. ఒకరు చట్టాన్ని ఆర్థికశాస్త్రంతో కొలిచే మనిషి, ఇంకొకరు రాజ్యాంగంలో అక్షరం ఏం చెబుతోందో అదే పట్టుకునే మనిషి. ఇద్దరితోనూ లెసిగ్‌కి అభిప్రాయాలు కలవవు. కలవని మనుషుల దగ్గర పనిచేయడం వల్లే ఎదుటివాళ్ల వాదన లోపలి నుంచి తెలుస్తుందని నా నమ్మకం. 1991లో షికాగో యూనివర్సిటీలో చేరారు. అప్పుడాయన సబ్జెక్టు ఇంటర్నెట్ కాదు, రాజ్యాంగ చట్టం. కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలాక తూర్పు యూరప్‌లో కొత్త రాజ్యాంగాలు రాసుకుంటున్న దేశాలను దగ్గరగా గమనించారు. కొత్త సమాజం మొదలవుతున్నప్పుడు నియమాలు ఎవరు పెడతారు? ఆ ప్రశ్నతోనే ఇంటర్నెట్‌లోకి వచ్చారు.

ఇప్పుడు 1996కి రండి. ఆ ఒక్క ఏడాదిలో జరిగినవి చూస్తే ఈ సబ్జెక్టు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ టెలికమ్యూనికేషన్స్ చట్టం మీద సంతకం పెట్టారు. అందులోనే ఇంటర్నెట్లో అసభ్యతను నేరంగా చూసే భాగం ఉంది, అందులోనే సెక్షన్ 230 కూడా ఉంది, ఇతరులు పోస్ట్ చేసినదానికి వెబ్‌సైట్ బాధ్యత వహించక్కర్లేదనే సెక్షన్. అదే రోజు దావోస్‌లో జాన్ పెరీ బార్లో అనే ఆయన ఒక ప్రకటన రాసి విడుదల చేశాడు, ప్రభుత్వాల్లారా, ఈ చోటు మీది కాదు, మాకు మీ చట్టాలు అక్కర్లేదు అని. యువత ఊగిపోయింది. ఇంకోపక్క షికాగోలోనే జరిగిన ఒక సదస్సులో జడ్జి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ లేచి, ఇంటర్నెట్ లా అని ప్రత్యేకంగా ఒక సబ్జెక్టు ఎందుకు, గుర్రాల చట్టం అని ఎవరైనా కోర్సు పెడతారా అని అడిగారు. గుర్రాలు అమ్ముతారు, గుర్రం తంతే కేసు వేస్తారు, పందేలకి లైసెన్సులు ఇస్తారు. వీటన్నిటినీ కలిపి ఒక కోర్సు చేస్తే విద్యార్థికి ఒరిగేదేమిటి? కాంట్రాక్టులు, టార్టులు (ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం), ఆస్తి చట్టం బాగా నేర్పండి, అవే ఇంటర్నెట్‌కీ సరిపోతాయి అన్నారు.

చూడండి, ఒకరేమో ఇక్కడ చట్టమే చెల్లదంటున్నారు, ఇంకొకరేమో ఇక్కడ కొత్తదేమీ లేదంటున్నారు. లెసిగ్ ఈ ఇద్దరితోనూ విభేదించారు. 1999లో హార్వర్డ్ లా రివ్యూలో ఈస్టర్‌బ్రూక్‌కి నేరుగా జవాబు రాశారు, అదే ఏడాది కోడ్ అనే పుస్తకం తెచ్చారు. ఆయన చెప్పింది ఇదీ. మనిషి ప్రవర్తనను అదుపు చేసేవి నాలుగు. చట్టం ఒకటి, సమాజం కట్టుబాట్లు ఇంకొకటి, మార్కెట్, అంటే ధర, మూడోది, నాలుగోది కట్టడం, ఆ వస్తువు లేదా ఆ చోటు ఎలా కట్టి ఉందన్నది. రోడ్డు మీద వేగం 20 దాటకూడదని బోర్డు పెట్టండి, కొందరు పాటిస్తారు, కొందరు పాటించరు. అక్కడే స్పీడ్ బ్రేకర్ వేయండి. ఎవరికీ ఎంచుకునే వీలు ఉండదు, పోలీసూ అక్కర్లేదు, వాదించుకోవడానికి కోర్టూ లేదు. ఇంటర్నెట్లో ఆ నాలుగోది సాఫ్ట్‌వేర్. దాన్ని రాసేవాళ్లు మనకి తెలియకుండానే నియమాలు రాస్తున్నారు. పైగా దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చవచ్చు. బార్లో అనుకున్న స్వేచ్ఛ ఇంటర్నెట్ స్వభావమేమీ కాదు, ఆనాటి సాఫ్ట్‌వేర్ అలా ఉంది కాబట్టి ఉంది. రేపు కంపెనీలకి, ప్రభుత్వాలకి అవసరమైతే అది పోతుంది.

దీన్ని నేను క్లాసులో ఎప్పుడూ కుకీలతో చెబుతాను, ఎందుకంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ అనే పద్ధతికి జ్ఞాపకం లేదు. మీరు ఒక పేజీ తెరిచి, ఇంకో పేజీకి వెళితే, అదే మనిషని సర్వర్‌కి తెలియదు. అంటే మొదట్లో మీరు ఎవరో తెలియకుండా తిరగగలగడం ఏ చట్టమూ ఇచ్చిన హక్కు కాదు, ఆ కట్టడంలోనే ఉంది. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో ఒక ఇంజనీరు దీనికి పరిష్కారం కనిపెట్టారు. సర్వర్ మీ బ్రౌజర్‌కి ఒక చిన్న గుర్తు ఇస్తుంది, అదే కుకీ, బ్రౌజర్ దాన్ని దాచుకుని, మళ్లీ వెళ్లినప్పుడు చూపిస్తుంది. ఆన్‌లైన్లో కొనుక్కోవడం లాంటి పనులకి అది కావాల్సిందే, అందులో చెడు ఉద్దేశం లేదు. కానీ పేజీలో ప్రకటన వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తే, ఆ కంపెనీ కూడా గుర్తు పెట్టవచ్చు. వెయ్యి సైట్లలో ఆ కంపెనీ ప్రకటనలు ఉంటే, ఆ వెయ్యి సైట్లలోనూ మీ అడుగుజాడలు దాని దగ్గర ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం వినండి. ఇంజనీర్లకి ఈ ప్రమాదం తెలియకపోలేదు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే సాంకేతిక పత్రంలో, మనిషి కావాలని ఒప్పుకుంటే తప్ప ఇలా బయటి సర్వర్ల కుకీలను బ్రౌజర్ అనుమతించకూడదని స్పష్టంగా రాశారు. పెద్ద బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. అంతే! ఏ పార్లమెంటులోనూ ఓటు జరగలేదు, ఏ కోర్టులోనూ వాదన జరగలేదు. బ్రౌజర్లో ఒక సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఎటు ఉండాలన్న నిర్ణయంతో కోట్లమంది ప్రైవసీ సంగతి తేలిపోయింది. యూరప్ దీని మీద చట్టం చేసింది 2002లో. గూగుల్ తన క్రోమ్‌లో వీటిని తీసేస్తానని 2020లో ప్రకటించి, 2024లో వెనక్కి తగ్గింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నిర్ణయం ఎవరి చేతిలో ఉందో మీరే చూడండి. గుర్రాల చట్టంలో ఇలాంటిది ఎక్కడైనా ఉందా? గుర్రం తయారీదారు రాత్రికి రాత్రి అన్ని గుర్రాల నడకనూ మార్చేయలేడు కదా.

మళ్లీ లెసిగ్ దగ్గరికి వద్దాం. ఆయన ఆలోచన కోర్టులదాకా త్వరగానే వెళ్లింది. నేను చెప్పిన ఆ 1996 చట్టంలోని అసభ్యత భాగాన్ని సుప్రీంకోర్టు 1997 జూన్ 26న కొట్టేసింది, రీనో వర్సెస్ ఏసీఎల్‌యూ కేసులో. ఏసీఎల్‌యూ అంటే అక్కడి పౌరహక్కుల సంస్థ. ఆ కేసులో జస్టిస్ ఓకానర్ విడిగా రాసిన అభిప్రాయంలో లెసిగ్ వ్యాసాన్ని ఉదహరించారు. ఇంటర్నెట్ కట్టడం మారవచ్చు, పిల్లల్ని పెద్దల్ని వేరుచేసే గేట్లు రేపు రావచ్చు అని ఆమె అన్నారు. వయసు ధ్రువీకరణ చట్టాల మీద ఇవాళ అమెరికాలో నడుస్తున్న గొడవంతా ఆ మాటలో ఉంది.

1997లో హార్వర్డ్‌కి మారారు. ఆ డిసెంబరులోనే మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వం నడిపిన గుత్తాధిపత్యం కేసులో జడ్జి జాక్సన్ ఆయన్ని స్పెషల్ మాస్టర్‌గా వేశారు. సాంకేతిక విషయాలు పరిశీలించి కోర్టుకి నివేదిక ఇచ్చే పని. వయసు 36. మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది, నెట్‌స్కేప్‌లో పరిచయస్తుడికి ఆయన పంపిన ఒక ఈమెయిల్ చూపించి పక్షపాతం ఉందంది. అప్పీలు కోర్టు ఫిబ్రవరిలో నియామకాన్ని ఆపేసింది, 1998 జూన్‌లో రద్దు చేసింది. మీరెప్పుడైనా ఇలాంటి బాధ్యతల్లోకి వెళ్లేట్టయితే మీ పాత మెయిళ్లు, పోస్టులు అన్నీ బల్లమీదకి వస్తాయని గుర్తుపెట్టుకోండి. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు, ఈ వృత్తిలో తటస్థంగా కనిపించడం కూడా పనిలో భాగమని చెప్తున్నాను.

2000లో స్టాన్‌ఫర్డ్ వెళ్లి, అక్కడ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సెంటర్ మొదలుపెట్టారు. ఇక్కడే ఆయన కెరీర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఉంది. ఎల్‌డ్రెడ్ కేసు ఇంకా కోర్టులో నడుస్తుండగానే, కోర్టు ఏం చెబుతుందో చూద్దామని చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2001లో ఎంఐటీ ప్రొఫెసర్ హాల్ ఏబెల్సన్‌తో, ఎల్‌డ్రెడ్‌తో, ఇంకొందరితో కలిసి క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పెట్టారు. మొదటి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి, తీర్పుకి నెల ముందు.

ఇది ఎందుకు గొప్ప ఆలోచనో చూడండి. కాపీరైట్ చట్టంలో మీరేదైనా రాసిన క్షణం నుంచే హక్కులన్నీ మీవి. నాకు అన్నీ అక్కర్లేదు, పేరు చెప్పి వాడుకుంటే చాలు అని లోకానికి చెప్పాలంటే మామూలు మనిషికి సులువైన దారి లేదు, లాయర్ని పెట్టుకోవాలి. లెసిగ్ బృందం చట్టాన్ని మార్చమని ఎవరినీ అడగలేదు. ఉన్న చట్టం మీదే, దాన్నే వాడుకుని, ఒక లైసెన్స్ రాసి పెట్టారు. అది మూడు పొరలుగా ఉంటుంది. కోర్టులో నిలబడేలా లాయర్లకి ఒకటి, ఎవరైనా ఒక్క చూపులో అర్థం చేసుకునేలా ఒక పేజీ, సెర్చ్ ఇంజన్లు గుర్తుపట్టేలా కంప్యూటర్లకి ఇంకొకటి. ఆ మూడో పొర మీద పనిచేసినవాళ్లలో యారన్ స్వార్జ్ అనే 15 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు, ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. చట్టం, సాఫ్ట్‌వేర్, కట్టుబాటు మూడూ ఒకే పనిముట్టులో కలిశాయి. పుస్తకంలో రాసిన సిద్ధాంతాన్ని చేతికి పనికొచ్చే వస్తువుగా మార్చారు. 2009లో వికీపీడియా ఈ లైసెన్స్‌కి మారింది. మీ ఫోన్ తీసి ఇప్పుడే తెలుగు వికీపీడియాలో ఏ పేజీ అయినా తెరిచి అడుగుకి వెళ్లి చూడండి. చూశారా? ఇలాంటి లైసెన్స్ లేకపోతే మనం ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు ఇలా దిద్దుకుంటూ, వాడుకుంటూ పోవడం కుదిరేది కాదు.

నేను ఇవాళ చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే, అందుకే మళ్లీ చెప్తున్నాను. నియమం ఎక్కడ తయారవుతోందో ఆ చోటుకి వెళ్లాలి. కోర్టులో తయారైతే కోర్టుకి. సాఫ్ట్‌వేర్లో తయారైతే సాఫ్ట్‌వేర్ దగ్గరికి. ఎన్నికల ఖర్చు దగ్గర తయారైతే అక్కడికి. లెసిగ్ మూడు చోట్లకీ వెళ్లారు.

ఆ మూడో చోటుకి ఎందుకు వెళ్లారంటే, యారన్ వల్ల. యారన్ 20 ఏళ్ల వయసులో ఒకసారి లెసిగ్‌ని అడిగాడట, ప్రచారాలకి డబ్బులిచ్చేవాళ్ల మాటే కాంగ్రెస్ వింటున్నంత కాలం మీ కాపీరైట్ సంస్కరణ ఎలా జరుగుతుందని. అది నా రంగం కాదు అన్నారు లెసిగ్. ప్రొఫెసర్‌గా మీ రంగం కాదా అన్నాడు. అవును, ప్రొఫెసర్‌గా కాదు. మరి పౌరుడిగా? ఈ సంభాషణని లెసిగ్ చాలా చోట్ల చెప్పారు. 2007లో, ఈ రంగంలో మంచి పేరున్న సమయంలో, ఇక నా పని ఇంటర్నెట్ కాదు, రాజకీయాల్లో డబ్బు ప్రభావం మీద పనిచేస్తానని ప్రకటించారు. సుమారు పదేళ్లు కట్టుకున్న పేరుని పక్కనపెట్టడం చిన్న విషయం కాదు. 2009లో మళ్లీ హార్వర్డ్ వచ్చారు. 2015లో అధ్యక్ష పదవికి డెమోక్రాట్‌గా పోటీకి దిగి, రెండు నెలలకే నవంబరులో తప్పుకున్నారు. అందులో ఫలితం పెద్దగా రాలేదు, అది అక్కడితో వదిలేద్దాం.

యారన్ కథ మాత్రం వదలలేం. ఎంఐటీ నెట్‌వర్క్‌లోకి వెళ్లి జేస్టోర్ అనే పరిశోధనా పత్రికల ఆన్‌లైన్ భాండాగారం నుంచి లక్షల పరిశోధనా వ్యాసాలు డౌన్‌లోడ్ చేశాడని 2011 జులైలో ఫెడరల్ కేసు పెట్టారు. కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూజ్ చట్టం, 1986 నాటిది. వెబ్ పుట్టకముందు రాసిన చట్టం అది. జేస్టోర్ అతనితో రాజీపడింది, ప్రభుత్వం పడలేదు. 2012 సెప్టెంబరుకి అభియోగాలు 13 అయ్యాయి. 2013 జనవరి 11న యారన్ ప్రాణం తీసుకున్నాడు. 26 ఏళ్లు. ఆ ఫిబ్రవరిలో లెసిగ్ హార్వర్డ్‌లో తన కొత్త పీఠం స్వీకరిస్తూ ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని మొత్తంగా యారన్ కేసు మీద, చట్టానికీ న్యాయానికీ మధ్య దూరం మీద ఇచ్చారు. ఆ వీడియో చూడండి. ఆ చట్టంలో 'అనుమతికి మించి' కంప్యూటర్ వాడటం అనే మాట ఎంత వదులుగా ఉంటే ఒక మనిషి మీద ఎంత బరువు పడుతుందో తెలుస్తుంది. యారన్ పేరు మీద సవరణ బిల్లు వచ్చింది, పాస్ కాలేదు. 2021లో వాన్ బ్యూరెన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట పరిధిని కొంత తగ్గించింది. అది ఎనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇంకొక్క సంఘటన చెబుతాను, ఇది మీకు పరీక్షల్లో కూడా పనికొస్తుంది. లెసిగ్ 2010లో సియోల్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చారు. అందులో, ఒక ఫ్రెంచ్ బ్యాండ్ పాటకి రకరకాల దేశాల్లో యువత డాన్స్ చేస్తూ తీసిన వీడియోల ముక్కలు చూపించారు, సంస్కృతి ఇలా పంచుకుంటూ పెరుగుతుందని చెప్పడానికి. 2013లో ఆ ఉపన్యాసాన్ని యూట్యూబ్ నుంచి తీసేయించారు, ఆ పాట హక్కులున్న ఒక ఆస్ట్రేలియా కంపెనీ ఫిర్యాదు మీద. అమెరికా కాపీరైట్ చట్టంలో ఫిర్యాదు వస్తే వెబ్‌సైట్ ముందు తీసేయాలి. పెట్టినవాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, ఫిర్యాదుదారు కేసు వేయకపోతే, పది నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. లెసిగ్ ఎదురు నోటీసు ఇచ్చారు. 72 గంటల్లో వెనక్కి తీసుకోకపోతే కేసు వేస్తామని కంపెనీ బెదిరించింది. ఆయన నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత తనే కేసు వేశారు, అదే చట్టంలో సెక్షన్ 512 (ఎఫ్) కింద, తప్పుడు ఫిర్యాదు చేశారని. 2014లో రాజీ కుదిరింది, కంపెనీ డబ్బు కట్టింది, ఇలాంటి ఫిర్యాదులు చేసే పద్ధతి మార్చుకుంటానని ఒప్పుకుంది. కాపీరైట్ చట్టంలో ప్రపంచంలోనే పేరున్న మనిషికి ఒక వీడియో నిలబెట్టుకోవడానికి ఇంత పోరాటం అయితే, ఏ లాయరూ తెలియని పందొమ్మిదేళ్ల అమ్మాయి వీడియోని తీసేస్తే ఏం చేస్తుంది? టెన్షన్ పడి వదిలేస్తుంది. పేజీలో బటన్ ఎక్కడ ఉంది, ఫారం ఎంత పొడవుంది, ఎవరి భయం ఎంత, ఇవే అక్కడ చట్టం.

ఆ అమ్మాయి మాట వచ్చింది కాబట్టి, లెసిగ్ తరం మీద నాకున్న పెద్ద అభ్యంతరం కూడా చెప్పాలి. వాళ్ల దృష్టంతా పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు స్వేచ్ఛను లాక్కోవడం మీదే. ఆ స్వేచ్ఛలోనే ఇంకొకరిని వేధించి తరిమేసే మనుషులు ఉంటారని వాళ్లు సరిగ్గా లెక్కేయలేదు. అది చూపించింది డానియెల్ సిట్రన్ అనే లా ప్రొఫెసర్. 2009లో సైబర్ పౌరహక్కులు అనే వ్యాసం రాశారు. ఆన్‌లైన్ వేధింపు వల్ల ఆడవాళ్లు ఉద్యోగాలు, చదువులు, మాట్లాడే ధైర్యం పోగొట్టుకుంటున్నారు కాబట్టి ఇది పౌరహక్కుల సమస్య అన్నారు. అప్పట్లో అందరూ ఫోన్ ఆపేసుకోండి, పట్టించుకోవద్దు అని సలహాలు ఇస్తున్నారు. మేరీ ఆన్ ఫ్రాంక్స్ అనే మరో ప్రొఫెసర్, అనుమతి లేకుండా అంతరంగిక ఫొటోలు పెట్టడాన్ని నేరం చేసే చట్టం నమూనాలు రాసి రాష్ట్రాల చట్టసభలకి ఇచ్చారు. సిట్రన్‌కి 2019లో మెక్ ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2025 మే 19న ఫెడరల్ చట్టమే వచ్చింది, టేక్ ఇట్ డౌన్ యాక్ట్, నోటీసు అందిన 48 గంటల్లో అలాంటి బొమ్మలు తీసేయాలి. ఇందాక నేను చెప్పిన తీసివేత కథ గుర్తొస్తోంది కదా? ఈ చట్టం కోసం ఏళ్లతరబడి అడిగినవాళ్లలోంచే ఆ 48 గంటల నిబంధనని దుర్వినియోగం చేస్తారేమోనని అనుమానాలు వచ్చాయి. రెండు భయాలూ నిజమైనవే. ఒకదాని కోసం రెండోదాన్ని కొట్టేయకుండా నిబంధన రాయడం ఎలా? మీ తరం పని అది.

టిమ్ వూ అనే ఇంకో లా ప్రొఫెసర్ గురించి రెండు మాటలు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు ఏ సైట్ మీదా వివక్ష చూపకూడదనే ఆలోచనకి నెట్ న్యూట్రాలిటీ అనే పేరు పెట్టి 2003లో ఒక వ్యాసం రాశారు. 2015లో అది అమెరికా టెలికాం కమిషన్ నియమమైంది, 2017లో రద్దయింది, 2024లో మళ్లీ వచ్చింది, 2025 జనవరి 2న అప్పీలు కోర్టు కొట్టేసింది. ఒక్క వ్యాసం వెనక 22 ఏళ్లు. ఈ వృత్తిలో ఎంత ఓపిక కావాలో దీన్నిబట్టి లెక్కేసుకోండి.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, కోడింగ్ రావాలా అని. ప్రోగ్రామర్ కానక్కర్లేదు. కానీ ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు ఏ సర్వర్‌కి ఏం వెళ్తోందో బ్రౌజర్లో డెవలపర్ టూల్స్ తెరిచి చూడటం రావాలి. నేను చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 2109ని ఒక చట్టాన్ని చదివినట్టు సెక్షన్ సెక్షన్‌గా చదవండి. ఎక్కడ తప్పనిసరి అన్నారు, ఎక్కడ చేయవచ్చు అన్నారు, ఎక్కడ వదిలేశారు, పెన్సిల్‌తో గీతలు పెట్టండి. పక్కనే రీనో తీర్పు, ఎల్‌డ్రెడ్ తీర్పులో బ్రేయర్ భిన్నాభిప్రాయం పెట్టుకోండి. ఎల్‌డ్రెడ్‌లో లెసిగ్ ఓడిపోయారు కానీ, ఆ గొడవ తర్వాత కాంగ్రెస్ ఇంకో పొడిగింపుకి మళ్లీ సాహసించలేదు. 2019 జనవరి 1న 1923 నాటి రచనలు పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే స్థితికి వచ్చాయి, ఫ్రాస్ట్ సంపుటి సహా. ఆ ఇరవై ఏళ్లలో పెరిగిన వ్యతిరేకతే దానికి పెద్ద కారణమని నేను నమ్ముతాను. మీరు ఒప్పుకోకపోతే వాదించండి, వినడానికి సిద్ధం. ఇక ప్రశ్నలు తీసుకుందాం. మైకు అటువైపు వాళ్లకి ముందు ఇవ్వండి.